జబ్బు తగ్గినది; మనిషి కోలుకొన్నాడా?

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక తల్లి నా గదిలోనికి వచ్చి, కుర్చీ చూపినను కూర్చుండక, నిలుచుండియే ఒక ప్రశ్న వేసినది. "జబ్బు తగ్గిందన్నారు గదా డాక్టరు బాబూ! మరి మావాడు కొట్టు తీయడేమండీ?" ఆమె కుమారుడు ఒక చిన్న పట్టణములో దర్జీ. సొంత దుకాణము, రెండు కుట్టుమిషన్లు, భార్య, బడికి పోవు ఇద్దరు పిల్లలు. అంతకు నాలుగు నెలల ముందు అతనిని తీవ్రమైన ఉద్రేకస్థితిలో ఆసుపత్రికి తీసికొని వచ్చిరి. మందులతో మూడు వారములలో నెమ్మదించెను. నిద్ర కుదిరినది, మాట కుదిరినది. "వ్యాధి ఉపశమించినది" అని కాగితముమీద వ్రాసి నేనే ఇంటికి పంపితిని. ఆ తల్లి ప్రశ్నకు ఆనాడు నాయొద్ద సరియైన సమాధానము లేకపోయెను. ఈ ప్రసంగము ఆ ప్రశ్నకు ఆలస్యముగా చెప్పుకొనుచున్న సమాధానము. ఆ కుటుంబమును ఎవరును గుర్తింపకుండుటకై కొన్ని వివరములు మార్చితిని.

ఆ దర్జీకి వచ్చినది బైపోలార్ వ్యాధి. పూర్వము దీనిని ఉన్మాద విషాద వ్యాధి అని వ్యవహరించెడివారు. ఇందు మనస్సు రెండు కొసల మధ్య ఊగుచుండును. ఒక కొస ఉద్రేకము. అప్పుడు నిద్ర అక్కరలేదని తోచును, మాట ఆగదు, ఆలోచనలు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తును, చేతిలో పైకము లేకున్నను పెద్ద వ్యాపారములు తలపెట్టుదురు. రెండవ కొస క్రుంగుబాటు. అప్పుడు పక్కమీదనుండి లేచుటయే కొండ యెక్కినట్లుండును. దేనియందును రుచి యుండదు. బ్రతుకే బరువని తోచును. ఈ రెండు దశల నడుమ మనిషి మామూలుగా నుండునని వాడుక. ఆ "మామూలు" కాలమును గూర్చియే నేడు నేను చెప్పదలచినది.

ఈ వాడుకకు ఒక చరిత్ర కలదు. జర్మను వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ 1899లో ప్రకటించిన తన గ్రంథ సంచికలో ఈ వ్యాధిని మరియొక పెద్ద మానసిక వ్యాధినుండి వేరుపరచెను. ఆ భేదమునకు ముఖ్యమైన ఆధారము వ్యాధి నడచు తీరు. ఒకటి మనిషిని క్రమక్రమముగా దిగజార్చును. ఇది వచ్చును, పోవును. ఈ "వచ్చి పోవును" అను మాట రోగికిని వైద్యునికిని గొప్ప ఊరట. అటుపిమ్మట 1949లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున జాన్ కేడ్ అను వైద్యుడు పదిమంది ఉద్రేకరోగులకు లిథియం లవణము నిచ్చి గుణము కనుగొనెను. డెన్మార్కులో మోగెన్స్ స్కౌ మొదలగువారు ఆ మందును శాస్త్రీయముగా పరీక్షించి నిలబెట్టిరి. నేడు లిథియమే గాక మరి కొన్ని మంచి మందులును కలవు. వ్యాధి వచ్చి పోవునది. పోగొట్టుటకు మందు కలదు. ఇంక చింత యేమి అని వైద్యులము చాలకాలము తలచితిమి. ఆ తలపులో ఒక లోపము కలదు. జబ్బు పోయినంతనే అది తీసికొనిపోయినవి వాటియంతట తిరిగి రావు.

అమెరికాలో బోస్టన్ నగర సమీపమున మెక్లీన్ ఆసుపత్రి యున్నది. ఉద్రేక దశతో మొదటిసారి ఆసుపత్రిలో చేరిన 166 మందిని అచ్చటి వైద్యులు కొన్ని యేండ్లపాటు వెంబడించి పరిశీలించి, 2003లో ఫలితములను ప్రకటించిరి. వారు కోలుకొనుటను మూడు మెట్లుగా విభజించిరి. మొదటి మెట్టు: వ్యాధియని పేరు పెట్టదగినంత లక్షణములు లేకుండుట. రెండేండ్లలో నూటికి 98 మంది ఈ మెట్టు ఎక్కిరి. రెండవ మెట్టు: చిన్న చిన్న లక్షణములు కూడ దాదాపు తొలగుట. నూటికి 72 మంది దీనిని చేరిరి. మూడవ మెట్టు: జబ్బునకు పూర్వము ఏ పని చేయుచుండిరో, ఏ విధముగా నివసించుచుండిరో ఆ స్థితికి తిరిగి వచ్చుట. దీనిని చేరినవారు నూటికి 43 మంది మాత్రమే. చూడుడు: 98 ఎక్కడ, 43 ఎక్కడ! ఆ నడుమ నున్నవారికి జబ్బు తగ్గినది. జీవితము తిరిగి రాలేదు. ఆ తల్లి నాయెదుట నిలుచుండి అడిగినది ఈ వ్యత్యాసమును గూర్చియే.

ఇట్లేల జరుగును? కారణములు నాలుగు కనబడుచున్నవి.

మొదటిది, పూర్తిగా పోని క్రుంగుబాటు. అమెరికాలోనే 146 మంది రోగులను దాదాపు పదమూడు సంవత్సరములు వారము వారము లెక్కగట్టి చూచిన మరియొక పరిశోధన 2002లో వెలువడినది. వారు సుమారు సగము కాలము ఏదో ఒక లక్షణముతో గడపిరి. అందులో ఉద్రేకపు వారములకంటె క్రుంగుబాటు వారములు మూడింతలు. ఉద్రేకము నలుగురికి కనబడును. దానికి వెంటనే వైద్యము జరుగును. కొద్దిపాటి క్రుంగుబాటు ఎవరికిని కనబడదు. అది గోడకు చేరగిలి కూర్చుండును. ఇంటివారు దానిని సోమరితనమందురు.

రెండవది, బుద్ధి యొక్క పదును. వ్యాధి నెమ్మదించిన పిదప కూడ కొందరిలో ఏకాగ్రత, జ్ఞాపకము, పనిని వరుసగా అమర్చుకొను నేర్పు కొంత తగ్గియుండును. మాటలాడునప్పుడు ఇది తెలియదు. పనిలో దిగినప్పుడే తెలియును. మన దర్జీ ఇంటికి వెళ్ళిన పదవ దినమున దుకాణము తెరచెను. అప్పుడతడు పెండ్లి రవికల బట్టకు కొలత తప్పి కత్తెర వేసినాడు. బట్ట ఇచ్చినవారు వీధిలో నిలుచుండి కేకలు వేసిరి. ఆనాడు మూసిన తలుపు మరల తెరువలేదు.

మూడవది, మందులు. మందు ప్రాణము నిలుపును. కాని కొన్ని యిబ్బందులును తెచ్చును. కొన్ని మందులు మత్తు కలిగించును. కొన్ని ఒడలు పెంచును. లిథియం కొందరికి చేతుల వణకు తెచ్చును. గుమాస్తాకు కొద్దిపాటి వణకు లెక్కలోనిది కాకపోవచ్చును. సూదిలో దారము ఎక్కించువానికి అది జీవనోపాధి. నేను అతనిని నిద్రను గూర్చి అడిగితిని, ఆకలిని గూర్చి అడిగితిని, మనస్సులోని తలపులను గూర్చి అడిగితిని. సూదిని గూర్చి అడుగలేదు. అతడును చెప్పలేదు. ఇంటిలో ఎవరికిని తెలియకుండ బిళ్ళలు మానివేసినాడు.

నాలుగవది, లోకుల నమ్మకము. ఉద్రేకములో చేసిన అప్పులు, ఆడిన మాటలు జబ్బుతోపాటు మాసిపోవు. అప్పు ఇచ్చినవాడు గుమ్మములో నిలుచును. బంధువు పలుకరించుటకు జంకును. మనిషి మారినను పేరు మారదు.

ఇంతవరకు చెప్పినది వ్యాధి దినచర్యను పాడుచేయు విధము. దీనికి తిరుగుదారి కూడ కలదు. పాడైన దినచర్య వ్యాధిని మరల పిలుచును. చెట్టు ముందా, విత్తు ముందా అన్నట్లు ఈ రెండును ఒకదానినొకటి కనుచుండును.

బిళ్ళలు మానిన దర్జీకి సంక్రాంతి ముందు ఒక్కసారిగా హుషారు పుట్టెను. దుకాణము తెరచెను. తల్లి ఆనందించినది, తన ప్రశ్నకు జవాబు దొరికినదని తలచినది. అతడు వీధివీధికి తిరిగి బట్టలు ఒప్పుకొనెను. రాత్రులు దీపము ఆర్పక మిషను త్రొక్కుచు, రెండు గంటలు మాత్రమే నిద్రించుచు ఎనిమిది దినములు గడపెను. తొమ్మిదవ దినమున కుట్టిన బట్టలన్నిటిని వీధిలో ఉచితముగా పంచుచుండగా అన్నగారు పట్టుకొని మాయొద్దకు తెచ్చెను. పనిలేమి వలన సిగ్గు, సిగ్గుతో మందు మానుట, మందు లేమితో ఉద్రేకము, ఉద్రేకముతో నిద్రలేమి, నిద్రలేమితో మరింత ఉద్రేకము: ఇది గొలుసు. ఏ ఒక్క కొక్కెమునైనను ముందుగా విప్పియుండినచో తక్కినవి జారియుండెడివి. సూదిని గూర్చిన ఒక్క ప్రశ్న అట్టి కొక్కెము.

మన శరీరములో ఒక గడియారము కలదు. వెలుతురు, భోజనము, నిద్ర, నలుగురితో కలియుట వీని వేళలనుబట్టి అది నడచును. ఈ వ్యాధిగలవారిలో ఆ గడియారము సులభముగా తప్పును. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమున ఎలెన్ ఫ్రాంక్ అను విదుషి, ఆమె సహచరులు 175 మందితో చేసిన పరిశోధన 2005లో వెలువడినది. మందులతోపాటు దినచర్యను క్రమబద్ధము చేసికొను చికిత్సను వ్యాధి తీవ్రదశలోనే పొందినవారు తరువాతి రెండేండ్లలో ఎక్కువకాలము వ్యాధి తిరుగబెట్టక యుండిరి. ఎవరి దినచర్య ఎంత కుదురుకొన్నదో వారికి అంత మేలు జరిగినది. ఆ పద్ధతిలో గుర్తింపవలసిన వేళలు ముఖ్యముగా ఐదు: ప్రక్కమీదనుండి లేచు వేళ, మొదట మరియొక మనిషిని పలుకరించు వేళ, పని మొదలిడు వేళ, రాత్రి భోజనపు వేళ, పండుకొను వేళ. ఇందులకు గొప్ప యంత్రములు అక్కరలేదు. ఒక పలక, ఒక బలపము, ఇంటిలో ఒక గడియారము చాలును.

ఇంక "కోలుకొన్నాడా?" అను ప్రశ్నను కొలుచుట ఎట్లు? స్పెయిన్ దేశమున బార్సిలోనా వైద్యులు ఇందులకొక చిన్న ప్రశ్నావళిని తయారుచేసి 2007లో ప్రకటించిరి. ప్రశ్నలు 24, వానిని ఆరు భాగములుగా అమర్చిరి. తన పనులు తాను చేసికొని ఇల్లు నడుపుకొనుట, వృత్తి, ఏకాగ్రత, లెక్క, జ్ఞాపకము, డబ్బు వ్యవహారము, ఇంటివారితోను మిత్రులతోను సంబంధము, తీరిక వేళను గడపు తీరు. ఇవియే ఆరు. మన దేశమున కూడ మానసిక వ్యాధివలన కలిగిన అశక్తతను కొలుచుటకు 2002లో ఒక కొలమానము ఏర్పడినది. అది తనను తాను చూచుకొనుట, ఇతరులతో మెలగుట, మాటలాడుట గ్రహించుట, పని అను నాలుగింటిని చూచును. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము మానసిక వ్యాధిని కూడ లెక్కలోనికి తీసికొన్నది. ఈ ప్రశ్నలకు జవాబు ఆసుపత్రి గదిలో దొరకదు. మీ యింటిలో దొరకును. రోగితో వచ్చువారు "బాగున్నాడండీ" అని ఊరకొనక, ఎన్నింటికి లేచుచున్నాడు, బజారునుండి చిల్లర సరిగా తెచ్చుచున్నాడా, పిల్లల చదువు అడుగుచున్నాడా అనునవి వైద్యునికి చెప్పవలెను. వైద్యుడు అడుగనిచో మీరే చెప్పుడు.

మాటల చికిత్సతో పని తిరిగి వచ్చునా? ఇక్కడ ఉన్నదున్నట్లు చెప్పవలెను. అమెరికాలో క్రుంగుబాటు దశలోనున్న 293 మందితో చేసిన ప్రయోగము 2007లో వెలువడినది. మందులతోపాటు తొమ్మిది నెలలలో ముప్పదిసార్ల వరకు మాటల చికిత్స పొందినవారిలో ఏడాది తిరుగునప్పటికి నూటికి 64 మంది కోలుకొనిరి. మూడుసార్లు మాత్రమే సలహా పొందినవారిలో నూటికి 52 మంది. మొదటి వర్గమువారికి ఇంటివారితో సంబంధము కూడ మెరుగుపడినది. కాని ఉద్యోగ వ్యవహారములలో మాత్రము ఆ తొమ్మిది నెలలలో తేడా కనబడలేదు. మనస్సు తేరుకొనుట వేరు, చేయి తిరుగుట వేరు.

కనుక స్పెయిన్ వైద్యులు మరియొక అడుగు వేసిరి. వ్యాధి నెమ్మదించియు పనులు సాగనివారిని 239 మందిని తీసికొని, వారిలో కొందరికి వారమునకొకమారు గంటన్నర చొప్పున 21 వారములు ప్రత్యేక శిక్షణ నిచ్చిరి. మరచిపోకుండుటకు వ్రాసికొనుట, పెద్ద పనిని చిన్న ముక్కలుగా విడదీయుట, ఒకేసారి ఒకే పని చేయుట, డబ్బు లెక్క చూచుకొనుట: ఇట్టివి ఆ పాఠములు. 2013లో వెలువడిన ఫలితమును బట్టి, మామూలు చికిత్స మాత్రమే పొందినవారికంటె వీరి దినజీవనము స్పష్టముగా మెరుగుపడినది. వ్యాధిని గూర్చి బోధించు తరగతులతో పోల్చినపుడు మాత్రము ఆధిక్యము అంత రూఢిగా తేలలేదు. అద్భుతమని చెప్పజాలము, దారి యున్నదని చెప్పవచ్చును.

ఒక్క మాట పొరబడకుడు. ఈ శిక్షణలన్నియు మందుతోపాటు చేయవలసినవే కాని మందునకు బదులు కావు. లిథియం వాడువారు రక్తములో దాని పాలును, మూత్రపిండములు, థైరాయిడ్ గ్రంథి పనిచేయు తీరును నియమము తప్పక పరీక్ష చేయించుకొనవలెను. మన వేసవిలో చెమట పోసి ఒంటిలోని నీరు తగ్గినను, వాంతులు విరేచనములు పట్టుకొన్నను రక్తములో ఆ మందు పాలు పెరుగును. ఐబూప్రొఫేన్ వంటి నొప్పి బిళ్ళలవలన కూడ పెరుగును. కావున వైద్యుని అడుగక వానిని మ్రింగరాదు. చేతులు బలముగా వణకుట, అడుగులు తడబడుట, వాంతులు కనబడినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. గర్భము ధరింపగోరు స్త్రీలు ముందుగానే వైద్యునితో మాటలాడవలెను. వాల్ప్రోయేట్ అను మందు గర్భస్థ శిశువునకు హాని చేయును. ఏ యిబ్బంది కలిగినను చెప్పుకొనుడు, చెప్పక మానివేయకుడు.

ఇంటివారు రెండు విధములుగా పొరబడుదురు. "తిని కూర్చుంటున్నాడు" అని దెప్పుట ఒకటి. కాలు క్రింద పెట్టనీయక, కాణీ చేతికీయక, జీవితాంతము రోగిగానే చూచుట రెండవది. మొదటిది శక్తికి మించి అడుగుట. రెండవది ఉన్న శక్తిని కూడ అడుగకుండుట. రెంటి నడుమ ఒక త్రోవ కలదు: ఈనాడు చేయగలిగినంత పని యిచ్చి, రేపు ఒక పిసరు పెంచుట. బ్రతుకు మీద విరక్తి మాటలు వినబడినచో మాత్రము, మందలింపక, ఒంటరిగా విడువక, ఆ క్షణముననే సాయము కోరవలెను. 2022 అక్టోబరునుండి నడచుచున్న టెలిమానస్ అను ప్రభుత్వ సేవకు 14416 అను నంబరునకు ఫోను చేసినచో తెలుగులోనే మాటలాడవచ్చును, రుసుము లేదు. 2015-16లో పండ్రెండు రాష్ట్రములలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఈ వ్యాధిగలవారిలో నూటికి సుమారు 70 మంది చికిత్స పొందుట లేదని తేలినది. మందు వరకైనను చేరనివారే అంతమంది యుండగా, మూడవ మెట్టు మాట చెప్పనేల?

దర్జీ రెండవసారి నెమ్మదించిన పిమ్మట అతని చేతికి సూదిదారము లిచ్చి, ఎక్కించుమని మొదట అడిగితిని. ఎక్కించలేకపోయెను. రక్తపరీక్ష చూచి మోతాదు సరిచేసితిమి. వణకు చాలవరకు తగ్గెను. అతనిని, భార్యను, తల్లిని కూర్చుండబెట్టి ఒక క్రమము వ్రాసితిమి. ఉదయము ఆరింటికి లేచుట. మొదటి రెండు వారములు దినమునకొక గంట గుండీలు, కాజాలు మాత్రమే. తరువాత అంచులు మడచి కుట్టుట. ఆపైన తిన్నని కుట్లు. కత్తెర పట్టుట మూడు నెలల పిదప, కొలతలు భార్య చదువుచుండగా. రాత్రి ఎనిమిదింటికి తలుపు మూయవలెను. తల్లికి ఈ క్రమము మొదట నచ్చలేదు. "కాజాలు కుట్టడానికా వీడిని ఇంతవాణ్ణి చేశాను?" అని కన్నీరు పెట్టుకొన్నది. రెండు పర్యాయములు ఈ క్రమము తప్పినది. మరల మొదటినుండి పట్టిరి.

మరుసటి సంక్రాంతికి అతడు దుకాణపు గోడకు ఒక పలక వ్రేలాడదీసి, ఇన్ని బట్టలే ఒప్పుకొనబడునని అంకె వ్రాసెను. తిరిగిపోయిన బేరములు ఎన్నియో. ఆ యేడు రాబడి తగ్గినది. రెండు మిషన్లలో ఒకటి అమ్మి పాత అప్పు కొంత తీర్చిరి. పండుగ వెళ్ళిన పిదప అతడు పరీక్షకు వచ్చినప్పుడు తల్లి కూడ వచ్చినది. ఈసారి చెప్పకమునుపే కుర్చీలో కూర్చుండినది. "కొట్టు తీస్తున్నాడా అమ్మా?" అని నేనే అడిగితిని. "తీస్తున్నాడు బాబూ. ఎనిమిదింటికి మూసేస్తున్నాడు కూడాను" అన్నది.

తీయుటయు, వేళకు మూయుటయు: కోలుకొనుట యనగా ఈ రెండును కలిసినదే. మీ యింటనో, పొరుగింటనో ఇట్టివారుండినచో, జబ్బు తగ్గినదా అని అడుగుటతో ఆగిపోకుడు. ఉదయము లేచి వారేమి చేయుచున్నారని కూడ అడుగుడు.